ఇరవై తొమ్మిది గ్లాసులు

గల్ఫంటె ఎండేనని మా ఊర్ల అనుకుంటరు.
జబల్ అఖ్దర్ గుట్ట మీద, జనవరిల,
నల్లా తిప్పితే నీళ్లు రాలె,
పైపుల గడ్డ కట్టుకొని పన్నయ్.
ఫోన్ల చెప్తే నా పెండ్లాం నవ్వింది:
"తాగి మాట్లాడుతున్నవా?"

మూడొద్దుల సంది వాన.
వాదీ దుంకి, కింద బిర్కత్ అల్ మౌజ్ కాడ
తొవ్వ మూసిన్రు.
ఉప్పుంది, పప్పుంది, ఉల్లిగడ్డ బస్తా ఉంది.
చాయ్‌పత్తి డబ్బాల చెయ్యి పెడితే
గోళ్లకు అడుగు తాకింది.
నాతోని ఇరవై తొమ్మిది మందిమి.
కూర తక్కువైతే ఊకుంటరు గని
పొద్దుగాల చాయ్ లేకుంటే
వంటోని తాతముత్తాతలందరు యాదికొస్తరు.

మేకలు కాసే హమూద్ ముసలాయన
గేటు కాడ నిలబడి నా మొఖం చూసిండు.
ఏమనుకున్నడో, ఎనక్కి పోయి
తలగుడ్డ కొసకు మూట గట్టుకొచ్చిండు.
అర్‌అర్ చెట్టు గింజలు.
మిరియం కంటె పెద్దయి, రేగువండు కంటె చిన్నయి,
నీలం మీద బూడిద చల్లినట్టు.
బొటనవేలితోని రుద్దితే బూడిద పోయి నలుపు తేలింది.
నలిపితే వాసన:
అప్పుడే చెక్కిన తలుపు, కర్పూరం,
ఇంకేందో, నా నోటికి పేరు దొరకలె.

ఆయనకు హిందీ రాదు.
నా అరబ్బీ వంటింటి మందం.
వేళ్లతోని చెప్పిండు: మనిషికి నాలుగు.
ఐదో వేలు లేపి, తల అడ్డం ఊపిండు.
మెత్తగ నూరద్దు, పగిలితే చాలు.
నీళ్లు తెర్లినంక ఏసి, దించి, మూత పెట్టు.
పచ్చయి ఏరి పారేసుకుంట
"సనతైన్" అన్నడు.
రెండేండ్లకు గని పండయట.
నా వీసా గూడ అంతే.
నేను మూడోసారి గూడ కొమ్మకే ఉన్న.

ఆఖరుకు రెండు చేతులు నడుము ఎనక పెట్టి
"కుల్యా" అన్నడు. అది ఖరాబున్నోనికి వద్దు.
ఆ మాట ఎవ్వలూ నాకు తెలుగుల చెప్పద్దు.
ఎండల పనిచేసెటోళ్లు దవాఖానల
మొదలు నేర్చుకునే అరబ్బీ అదే.

ఇరవై తొమ్మిది నాలుగులు నూటపదహారు.
పళ్లెంల పోసి రెండుసార్లు లెక్కపెట్టిన.
పెండ్లిల చదివించే లెక్క,
ఈ గుట్ట మీద నా చేతికి ఎట్ల తేలిందో.

దేగిశ మూత తీస్తే ఆవిరికి రేకుల షెడ్డంతా
అడివి వాసనేసింది.
"కిడ్నీ బాగలేనోళ్లు తాగద్దు,
ముసలాయన చెప్పిండు" అని ఒర్రిన.
నవ్విన్రు.
"మాయి ఇనుపయిరా, పొయ్యి!"

లైన్ల మూడోడు లింబాద్రి.
నేను నలుగురికి పోసేసరికి
ఎనకటోనికి జాగ ఇచ్చిండు.
ఇంకో ముగ్గురైనంక మళ్ల ఇచ్చిండు.
స్టీలు గ్లాసు రొమ్ముకు ఒత్తిపట్టుకొని
కిందికి చూస్తున్నడు, చెప్పుల దిక్కు.
తలుపు కాడ ఫోర్‌మన్ ఉన్నడు.
లింబాద్రి మెడికల్ పాసైన కాయితం
వాని ఫైల్ల ఉంది.

నేను గిన్నెలు కడిగే దిక్కు తిరిగిన.
ఉత్త వేడినీళ్లు, చెంచెడు చక్కెర,
ఎండు నిమ్మకాయ తొక్క ఒక పలుకు.
రంగు ఇంచుమించు కలిసింది.
గ్లాసు అందుకున్నప్పుడు వాని వేలు
నా వేలికి తాకి ఒక లిప్త ఆగింది.
ఊదుకుంట తాగిండు.
అందరి లెక్కనే మొఖం చేదు పెట్టిండు.

దేగిశల ఒక గ్లాసు మిగిలింది.
నాది, వానిది కలిపి నేనే తాగిన.
ఐదోది వద్దన్నడు ముసలాయన.
ఎనిమిదింటి చేదు పొద్దుమూకిందాక
నాలిక మీద ఉంది.

నాలుగోనాడు తొవ్వ తెరిచిన్రు.
చాయ్‌పత్తి వచ్చింది, పాలడబ్బాలు వచ్చినయ్,
గింజల ముచ్చట అందరు మరిచిన్రు.
లింబాద్రి మాత్రం పొద్దుగాల
అందరి తర్వాత వస్తడు.
"చాయ్ ఉందిరా ఇయ్యాల" అంటె
గ్లాసు ముందట పెట్టి
"గదే" అంటడు.
నేను తొక్క డబ్బా మూత తీస్త.